అక్కడితో అయిపోయినట్టేనా?

మొన్న ఆదివారం ప్రొద్దున, పరీక్ష పేపర్ల కట్ట విప్పి ఎర్రసిరా కలం మూత తీశానో లేదో, వీధి గుమ్మంలో ఎవరో దగ్గారు. చూస్తే ఒక పెద్దమనిషి. మండవల్లి అవతల ఏదో వూరట, చేపల చెరువులు చేస్తాడట. కుర్చీ చూపిస్తే అంచు మీద కూర్చున్నాడు. మంచినీళ్ళిస్తే సగం త్రాగి గ్లాసు చేతిలోనే వుంచుకున్నాడు. మేత ధర, ఎండలు, చెరువుల్లో చేప తేలడం, అన్నీ మాట్లాడుకున్నాం. ఇంత దూరం వచ్చింది చేపల కబుర్లకు కాదని నాకు తెలుస్తూనే వుంది. చివరికి గొంతు తగ్గించి, "తమరికి కూడా ఆ ఆపరేషను అయిందని విన్నానండి" అన్నాడు.

అయిందన్నాను.

ఆయన కూతురికి ఇరవై రెండేళ్ళు. నాలుగేళ్ళ నుంచి రక్తవిరేచనాలు. మాత్రలు వాడారు, ఇంజక్షన్లు వాడారు, మధ్యలో ఎవరో చెబితే ఆకుపసరు కూడా పోశారు. ఇప్పుడు హైదరాబాదు డాక్టర్లు పెద్దపేగు తీసివేయక తప్పదంటున్నారు.

"తీయించేస్తే ఇక అక్కడితో అయిపోయినట్టేనా మేష్టారూ?"

ఇరవయ్యేళ్ళుగా పాఠాలు చెప్పుకుని బ్రతుకుతున్నవాణ్ణి. ఏ ప్రశ్నకైనా గంట కొట్టేదాకా జవాబు చెప్పగలను. ఈ ప్రశ్నకు మాత్రం అవునన్నా అబద్ధమే, కాదన్నా అబద్ధమే. ఆయనకు ఆ వేళ ముక్కలు ముక్కలుగా చెప్పినదాన్ని వరస పెట్టి ఇక్కడ వ్రాస్తున్నాను. మీ ఇళ్ళలోనూ ఇలా గ్లాసు చేతిలో పట్టుకుని కూర్చున్నవారు ఎవరైనా వుండవచ్చు.

జబ్బు పేరు అల్సరేటివ్ కొలైటిస్. పెద్దపేగు లోపలి పొర వాచి, పుండ్లు పడి, నెత్తురు కారుతుంది. మలద్వారం దగ్గర మొదలై పైకి ప్రాకుతుంది. ఒంటిని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే దారి తప్పి ఒంటి మీద తిరగబడుతుంది. కారం తిన్నందువల్ల వచ్చేదీ కాదు, ఒకరినుంచి ఒకరికి అంటుకునేదీ కాదు. జపాను ప్రధానమంత్రి షింజో అబే 2020లో పదవి వదులుకున్నది ఈ జబ్బు తిరగబెట్టడం వల్లనే. చాలామందికి మందులతోనే అదుపులో వుంటుంది. మందులకు లొంగకపోతేనో, వున్నట్టుండి ముదిరి ప్రాణం మీదికి వస్తేనో, పేగులో కాన్సరు ఛాయలు కనిపిస్తేనో పెద్దపేగును తీసివేస్తారు. నాకు 2019 ఫిబ్రవరిలో తీసివేశారు.

ఆపరేషను సంగతి చెప్పేముందు ఒక చిన్న మాట. తెలుగు మేష్టర్ని గనక మాటల మీదికి మనసు పోతుంది. మనవాళ్ళు ఈ ఒక్క పనికి ఎన్ని చాటు మాటలు పెట్టుకున్నారో చూడండి. బహిర్భూమి, కాలకృత్యాలు, దొడ్డికి వెళ్ళడం, చెంబు పట్టుకెళ్ళడం. ఆఖరికి గదికి కూడా మరుగుదొడ్డి అని పేరు పెట్టాం. దొడ్డిని మరుగు చేసుకోవడం మర్యాదే, కాదనను. జబ్బును మరుగు చేయడం దగ్గరే వచ్చింది చిక్కు. ఆపరేషనై ఇంటికి వచ్చేసరికి ముదినేపల్లిలో నాకు మూడు ఆపరేషన్లు జరిగి వున్నాయి. మా అమ్మ ఇరుగుపొరుగుతో అపెండిసైటిస్ అన్నది. మా బావమరిది హెర్నియా అన్నాడు. కాలేజీలో మూత్రపిండంలో రాయి అని నేనే చెప్పాను. అసలుది మా ఆవిడకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. పొట్టమీద సంచి వుందని నలుగురికీ తెలిస్తే తలెత్తుకోలేమని మా భయం.

సంచి అంటే ఏమిటో చెబుతాను. పెద్దపేగు లేదు గనక చిన్నపేగు కొసను పొట్టకు కుడిప్రక్కన చిన్న రంధ్రం చేసి బయటికి తెచ్చి కుట్టారు. దీన్ని ఇలియాస్టమీ అంటారు. దానిచుట్టూ చర్మానికి అంటుకునేటట్టు ఒక సంచి. పేగులోంచి వచ్చేదంతా అందులోకే వస్తుంది. నిండుతున్నప్పుడల్లా వంచుకోవాలి. పూర్వం ఆ కొసను చర్మంతో సమానంగా కుట్టేవారట. అది ఒరిసిపోయి, బిగుసుకుపోయి, రోగులు నానా యాతనా పడేవారు. 1952లో ఇంగ్లండులో బర్మింగ్‌హాం సర్జను బ్రయన్ బ్రూక్, చొక్కా చేతి అంచు మడిచినట్టు పేగు కొసను వెనక్కి మడిచి కుట్టే పద్ధతి చెప్పాడు. అలా మడిస్తే కొస కొంచెం పైకి నిలబడుతుంది. కారేది చర్మం మీద కాక సంచిలో పడుతుంది. మా ఆవిడ చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నప్పుడల్లా నాకు ఆ మహానుభావుడు గుర్తుకు వస్తూ వుంటాడు.

నెత్తురు ఆగింది. నాలుగేళ్ళ తరువాత కడుపునిండా అన్నం తిన్నాను. రాత్రంతా లేవకుండా నిద్రపోయాను. అక్కడితో అయిపోయిందనే అనుకున్నాను. అంతలో మే నెల వచ్చింది.

మా ప్రాంతపు మే నెల ఎలా వుంటుందో కొల్లేటి వారికి చెప్పనక్కరలేదు. ఎండ ఒక ఎత్తు, చుట్టూ చెరువుల మీదినుంచి వచ్చే ఆవిరి ఒక ఎత్తు. చెమటకి సంచి జిగురు వూడివచ్చేది. దాహం, దాహం, ఒకటే దాహం. కుండలో నీళ్ళు చెంబులకు చెంబులు త్రాగాను. త్రాగిన కొద్దీ సంచి నిండేది. సంచి నిండిన కొద్దీ దాహం వేసేది. పిక్కలు పట్టేసేవి. మంచం మీదినుంచి లేస్తే కళ్ళు బైర్లు కమ్మేవి. మూత్రం కొంచెమే వచ్చేది, అదీ ముదురు రంగులో. ఎండదెబ్బ అన్నది మా అమ్మ. మా పెద్దవాడు దుకాణానికి పరుగెత్తి, డబ్బా మీద ఓ.ఆర్.ఎస్. అని పెద్ద అక్షరాలున్న తియ్యటి పానీయాలు నాలుగు తెచ్చాడు. అవి త్రాగాక సంచి ఇంకా తొందరగా నిండింది.

నాలుగోనాడు స్పృహ తప్పాను. దగ్గర పట్నంలోని ఆస్పత్రికి తీసుకుపోయారు. అక్కడి చిన్న డాక్టరు, "ఏం ఆపరేషనమ్మా?" అని అడిగితే, మా అమ్మ అలవాటు కొద్దీ "అపెండిసైటిస్ బాబూ" అన్నది. ఆ ముసలావిడ తప్పు లేదు. మేము నేర్పిన అబద్ధమే అది. మా ఆవిడ పిల్లల్ని ఎవరింట్లోనో అప్పగించి వెనకాల బస్సులో వచ్చేదాకా, అపెండిసైటిస్‌కి కుడిప్రక్క సంచి ఎందుకు వుందో ఆ కుర్రాడికి అంతుపట్టలేదు. అబద్ధం విప్పుకునేసరికి సగం పూట గడిచింది. అప్పటికి నా మూత్రపిండాలు దెబ్బతినే దశకు వచ్చాయి. మూడు రోజులు సెలైను ఎక్కించారు. బ్రతికి బట్టకట్టాను.

మూడోనాడు పెద్ద డాక్టరుగారు మంచం ప్రక్కన కూర్చుని, "రోజుకి సంచిలోకి ఎంత వస్తోంది?" అని అడిగారు. తెలియదన్నాను. "ఎంత త్రాగుతున్నారు?" అదీ తెలియదన్నాను. "పిల్లల మార్కులు అరమార్కుతో సహా లెక్కవేస్తారు కదా మేష్టారూ, మీ లెక్క మీకు తెలియదా?" అన్నారు. అప్పుడు నేను విద్యార్థినై ఆయన చెప్పింది విన్నాను.

చిన్నపేగు నుంచి పెద్దపేగులోకి రోజుకు సుమారు లీటరున్నర ద్రవం వస్తుంది. పెద్దపేగు దానిలోని నీటినీ ఉప్పునూ పీల్చుకుని, వంద, రెండు వందల మిల్లీలీటర్లు మాత్రం బయటికి పంపుతుంది. ఇది వినగానే నాకు మా కొల్లేరు గుర్తుకు వచ్చింది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీళ్ళను తన కడుపులో పెట్టుకుని, ఉప్పుటేరు ద్వారా మెల్లగా సముద్రానికి వదులుతుంది కొల్లేరు. మధ్యలో ఆ సరస్సే లేదనుకోండి, వచ్చిన నీరు వచ్చినట్టే సముద్రం పాలు. నా ఒంట్లో కొల్లేరు తీసివేశారు. చిన్నపేగు ఆ పని కొంత నేర్చుకుంటుంది గాని, దానికి వారాలూ నెలలూ పడుతుంది. ఈలోగా లీటరున్నర, రెండు లీటర్లు పోవడం మొదలుపెడితే దానితో ఉప్పు కూడా పోతుంది. ఇలియాస్టమీ అయినవారిని మళ్ళీ ఆస్పత్రిపాలు చేసేవాటిలో ముందు నిలిచేది ఇదే.

మరి చెంబులకు చెంబులు త్రాగిన నీళ్ళు ఏమయ్యాయి? అక్కడే వుంది కిటుకు. ఉప్పులేని వట్టి నీళ్ళు అంత ధారగా పోయే పేగులోకి ఎక్కువగా వెళితే, ఒంట్లోని ఉప్పు పేగులోకి దిగివస్తుంది. ఉప్పు వెంట నీరూ వస్తుంది. రెండూ కలిసి సంచిలోకి పోతాయి. చక్కెర మోతాదు మించినా పేగు నీళ్ళను తనలోకి లాక్కుంటుంది. అంటే నాలుగు రోజులపాటు దాహం తీర్చుకుంటున్నాననుకుని నన్ను నేనే ఎండగట్టుకున్నాను.

ఉప్పూ గ్లూకోజూ సరిపాళ్ళలో కలిస్తే పేగు రెండింటినీ జోడుగా లోపలికి తీసుకుంటుంది. నీరు వాటి వెంట నడుస్తుంది. ఈ చిన్న సంగతి ఎంతమంది ప్రాణాలు నిలబెట్టిందో చెప్పలేం. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో బనగాం కాందిశీకుల శిబిరంలో కలరా ప్రబలి, సెలైను సీసాలు చాలకపోతే, కలకత్తా డాక్టరు దిలీప్ మహలనబీస్ ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో నింపి త్రాగించాడు. నూటికి ముప్పయి మంది పోతున్న చోట చావులు నూటికి నాలుగుకు లోపు పడ్డాయి. ఆయన 2022లో గతించారు. 2023లో మన ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది. ఆ నీళ్ళే ఓ.ఆర్.ఎస్. 2002నుంచి ప్రపంచ ఆరోగ్యసంస్థ చెబుతున్న పాళ్ళ ప్రకారం పొట్లం బరువు 20.5 గ్రాములు. దాన్ని ఒక లీటరు నీళ్ళలోనే కలపాలి, గ్లాసెడు నీళ్ళలో కాదు. మా పెద్దవాడు తెచ్చిన తియ్యటి డబ్బాలు ఆ పాళ్ళవి కావు. హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ అటువంటి డబ్బాల మీద ఏళ్ళ తరబడి పోరాడారు. ఆ పాళ్ళకు సరిపడని పానీయాల మీద ఓ.ఆర్.ఎస్. అన్న మాట వాడరాదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆదేశించింది.

ఆస్పత్రినుంచి రాగానే లీటరు గీతలున్న ప్లాస్టిక్ మగ్గొకటీ, నలభై పేజీల నోటుబుక్కొకటీ కొన్నాను. పోయింది ఒక వరస, త్రాగింది ఒక వరస. వట్టి నీళ్ళు రోజుకు ఎంతవరకో డాక్టరుగారు గీత గీశారు. మిగతా దాహమంతా ఓ.ఆర్.ఎస్.కి, మా అమ్మ ఉప్పు వేసి ఇచ్చే గంజికి అప్పగించాను. గంజిలోని పిండి పేగులో గ్లూకోజుగానే విడుతుంది గనక ముసలావిడ వంటింటి వైద్యం ఇందులో నెగ్గింది. అయితే రక్తపుపోటు, గుండెజబ్బు వున్నవాళ్ళు ఉప్పు సంగతి డాక్టరును అడక్కుండా నా మాట పట్టుకుని మొదలుపెట్టకండి.

రెండో ముచ్చట సంక్రాంతిది. 2020 జనవరిలో మా మేనత్త వుడికించిన తేగలు పంపింది. తేగ రుచి తెలిసినవాడు ఒక్కదానితో ఆగడు. రెండు తిన్నాను. సాయంత్రానికి సంచిలోకి చుక్క రాలేదు. కడుపు మెలిపెట్టింది, వాంతులు పట్టుకున్నాయి. తేగ పీచు, పొట్టలోంచి పేగు బయటికి వచ్చే ఇరుకుచోట వుండకట్టింది. కొబ్బరి, మొక్కజొన్న, పనస, మునగపీచు, అన్నీ ఆ జాతివే. అదృష్టవశాత్తూ ఈసారి ఆస్పత్రిలో ఎవరూ అబద్ధం ఆడలేదు. "ఇలియాస్టమీ వుంది, తేగలు తిన్నాను, మధ్యాహ్నంనుంచి ఏమీ రాలేదు" అని మూడు ముక్కల్లో నేనే చెప్పాను. మర్నాటికి దారి తెరుచుకుంది, కత్తి అక్కరలేకపోయింది. ఆపరేషన్ మచ్చలు లోపల అతుక్కుని పేగుకు మెలిక పడినా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. అందుకే కడుపునొప్పీ వాంతులూ వచ్చి, సంచి ఖాళీగా వున్నప్పుడు ఇంట్లో విరేచనాల మందు వేసుకుని కూర్చోరాదు.

కోవిడ్ మూలంగా ఆలస్యమై, 2021 ఫిబ్రవరిలో రెండో ఆపరేషను చేశారు. మిగిలిన పురీషనాళం కూడా తీసి, చిన్నపేగు చివరిభాగాన్నే మడిచి కుట్టి, సంచిలాగా చేసి క్రింద కలిపారు. దీన్ని పౌచ్ అంటారు. లండను సెయింట్ మార్క్స్ ఆస్పత్రి సర్జన్లు అలన్ పార్క్స్, జాన్ నికల్స్ 1978లో లోకానికి చెప్పిన పద్ధతి ఇది. అది మానేదాకా పైన సంచి వుంచి, కొన్ని నెలల తరువాత మూడో ఆపరేషనుతో మూసివేశారు. పైసంచి పోయింది, లోపలి సంచి మిగిలింది. అప్పటినుంచి రోజుకు ఆరేడుసార్లు వెళ్ళవలసి వస్తోంది. అయినా అవసరం వచ్చినప్పుడు ఆపుకోగలుగుతున్నాను. ఆ సుఖం ఈ జబ్బుపడ్డవాడికే తెలుస్తుంది.

2022 ఏప్రిల్‌లో మా ముదినేపల్లి కృష్ణాజిల్లానుంచి ఏలూరు జిల్లాలోకి మారింది. ఆ నెలలోనే నాకు ఆరేడు కాస్తా పదిహేనయ్యాయి. జ్వరం, పొత్తికడుపులో నొప్పి, ఆపుకోలేకపోవడం. వూరు కదలకుండా జిల్లా మారినట్టు, పేగు లేకుండానే జబ్బు తిరిగి వచ్చిందనుకుని ఆ రాత్రి దుప్పటి ముసుగులో ఏడ్చాను. పరీక్ష చేసి చూస్తే పౌచ్ వాచింది. పౌచైటిస్ అంటారు. పౌచ్ పెట్టించుకున్నవారిలో సగంమంది దాకా ఎప్పుడో ఒకప్పుడు దీని పాలబడతారట. నాకు రెండు వారాల యాంటిబయాటిక్‌తో తగ్గింది. కొద్దిమందికి మళ్ళీ మళ్ళీ వస్తుంది. మరీ కొద్దిమందికి పౌచ్ నిలవక, తిరిగి పొట్టమీద సంచే శాశ్వతమవుతుంది. ఇవన్నీ ఆపరేషనుకు ముందే తెలుసుకోవలసిన సంగతులు. బి12 విటమిను, రక్తం, మూత్రపిండాలు, పౌచ్, వీటికి తనిఖీ వుంటూనే వుంటుంది.

ఇంతా విని ఆ రైతు, "అయితే చేయించుకోకపోవడమే మంచిదంటారా?" అన్నాడు దిగులుగా.

అలా అనలేదన్నాను. ఆ పేగు వుంచుకుని వుంటే ఈ పేపర్లు దిద్దడానికి నేను వుండేవాణ్ణి కాను. ఆపరేషనుతో జబ్బు అయిపోతుంది, లెక్క అయిపోదు. ఆ లెక్క చూసుకోవడం కష్టమేమీ కాదు. దాచిపెట్టి చూసుకోవడమే కష్టం. నన్ను స్పృహ తప్పించింది ఉప్పు తక్కువ కావడమైతే, ఆస్పత్రిలో సగం పూట పోగొట్టింది మేము చెప్పిన అబద్ధం.

"అమ్మాయి ఏమంటోంది?" అని అడిగాను.

"బయట ఆటోలో వుందండి. ఇటువంటి మాటలు దాని ఎదుట ఎందుకని..."

నేను ఏదో అనేలోపే మా ఆవిడ చెప్పులు వేసుకుని వెళ్ళి ఆ పిల్లను వెంటబెట్టుకుని వచ్చింది. పిల్ల పాలిపోయి వుంది. కాసేపు తలవంచుకుని కూర్చుని, వున్నట్టుండి నన్నే సూటిగా అడిగింది: "సార్, సంచి వున్నప్పుడు మీరు క్లాసు చెప్పారా? శబ్దం వస్తుందంటారు కదా?"

వస్తుందన్నాను. 2019 ఆగస్టులో, క్లాసులో పద్యం ఎత్తుకుని రాగం తీసి ఆపానో లేదో, ఆ నిశ్శబ్దంలో నా పొట్ట తన రాగం తాను తీసింది. ముందు బెంచీ కుర్రాడు కంగారుగా తన జేబులో సెల్‌ఫోను తడుముకున్నాడు. పాపం, వాడిని వెతుక్కోనివ్వడం ఇష్టంలేక, పుస్తకం మూసి, సంగతి చెప్పేశాను. పది నిమిషాలు పట్టింది. ఎవరూ నవ్వలేదు. గంట కొట్టాక ఒక కుర్రాడు వెనకే వచ్చి, వాళ్ళమ్మకు కూడా చాలాకాలంగా నెత్తురు పడుతోందనీ, ఇంట్లో ఎవరికీ చెప్పనివ్వడంలేదనీ చెప్పాడు. ఆ రోజుతో మా వూళ్ళో నా మూడు ఆపరేషన్లూ రద్దయి, అసలుది ఒక్కటే మిగిలింది.

సెల్‌ఫోను మాటకి ఆ పిల్ల నవ్వింది. తరువాత మా ఆవిడా ఆ పిల్లా లోపలికి వెళ్ళి చాలాసేపు మాట్లాడుకున్నారు. సంచిమీద చీర ఎలా కట్టుకోవాలి, ప్రయాణంలో ఏం చేయాలి, పెళ్ళిమాట వస్తే ఎప్పుడు చెప్పాలి, పౌచ్ పెడితే ముందు ముందు పిల్లలు పుట్టడానికి ఏమైనా చిక్కు వుంటుందా. ఈ చివరిది తప్పకుండా సర్జనునే అడగమని నేను గదిలోంచి కేక వేశాను. ఆడపిల్లల విషయంలో ఆపరేషన్ల వరసను నిర్ణయించేటప్పుడు అది ఆలోచించవలసిన మాటే.

వెళ్ళబోతూ ఆ రైతు, "డాక్టరుగారిని అడగవలసినవి ఒక కాగితం మీద వ్రాసి ఇద్దురూ" అని చెయ్యి చాచాడు. తెల్లకాగితమూ ఎర్రసిరా కలమూ తీశాను. ఆ పిల్ల ముందుకు వచ్చి, "నాకివ్వండి సార్, నేను వ్రాసుకుంటాను" అని రెండూ తీసుకుంది.